సీసము, రాగి, నల్లమల

శ్రీశైలము మొదలుకొని శేషాచలము వరకు నల్లమల, ఎర్రమల, లంకమల, వెలికొండ, పాలకొండ అను పేర్లతో తెగుచు కలియుచు సాగిన కొండల వరుసల నడుమ, వేసవిలో ఆకురాలి ఎండియుండి, నాలుగు వానలు పడినంతనే పచ్చబడు అడవులను ఒడిలో పెట్టుకొన్న కర్నూలు, కడప మండలములు పూర్వమునుండి వేటకు పేరుపొందినవి. ఇచటి వేటను గూర్చి వ్రాసినవారు పులిని గూర్చి వ్రాసిరి. తుపాకిని గూర్చి వ్రాసిరి. వేటగాని సాహసమును గూర్చి మరింత విపులముగా వ్రాసిరి. గొట్టమును విడిచిన గుండు మృగశరీరములో ప్రవేశించిన పిమ్మట ఏమయ్యెనను విషయము మాత్రము కథ చివర ఒకటి రెండు వాక్యములతో ముగిసిపోవుచు వచ్చినది. గుండు విచ్చుకొన్నదా, విచ్చుకొనక దూసికొనిపోయినదా, ఎముక తగిలి చెదరినదా, ఎంత లోతు దిగినది, దిగిన పిదప ఎంత బరువు మిగిలినది అను ప్రశ్నలకు పాశ్చాత్యులు నేడు పరీక్షాశాలలలో జెలటిన్ దిమ్మలు పోసి సమాధానము వెదకుచున్నారు. మన సీమలో నూరేండ్లకు మించి ఆ పరీక్ష సజీవమృగముల మేనులపైననే జరిగినది. పరీక్ష తప్పిన ప్రతిసారియు దాని ఫలమును అనుభవించినవారు ఇరువురు: కుళ్లుచున్న గాయముతో అడవిలో మిగిలిపోయిన మృగమొకటి, మరునాడు ఆ దారిని పశువులను తోలుకొనిపోయిన కాపరి యొకడు. వేటచరిత్రలో ఈ గాయపు చరిత్రయే ముఖ్యమైనదని నా నిశ్చయము.

తుపాకికి ముందు విల్లు. నల్లమల పెంటలలోని చెంచులకు విల్లు నిన్న మొన్నటి వరకు ఇంట ఉండితీరవలసిన సామాను. వంచిన వెదురుబద్ద, నారతో పేనిన అల్లెత్రాడు, సన్నని బాణము, దాని కొనకు ఇనుప అలుగు, వెనుక పక్షి యీకలు. ఇంతకు మించిన హంగు దానికి లేదు. బాణము చంపు తీరు వేరు, గుండు చంపు తీరు వేరు. అలుగు అంచు పదునైనది గనుక రక్తనాళములను కోయును; మృగము నెత్తురు కార్చుచు కొంతదూరము పోయి పడును; వేటగాడు తొందరపడక కూర్చుండి, ఆపై నెత్తుటిజాడ పట్టుకొని నడచును. బాణమునకు వేగము తక్కువ కావున చెంచు మృగమునకు మిక్కిలి చేరువకు పోవలెను. అంత చేరువకు పోయినవాడు ఎచ్చట కొట్టవలెనో చూచుకొనియే కొట్టును. దూరమునుండి కొట్టు సౌకర్యము తుపాకితో వచ్చినది. దానితోడనే గురి తప్పిన గాయములును వచ్చినవి. ఆ పాత వేటకు గుర్తుగా అహోబిలమున నేటికిని పారువేట ఉత్సవము జరుగుచున్నది. కనుమనాడు మొదలై నలువది దినములకు పైగా నరసింహస్వామి పల్లకిలో చుట్టుపట్ల పల్లెలన్నియు తిరుగును; చెంచులు విల్లెక్కుపెట్టి పల్లకి వైపు బాణములు విడుచుట అందలి ముఖ్యఘట్టము. చెంచులక్ష్మిని పెండ్లాడిన నరసింహుడు వారికి ఇంటి అల్లుడు గదా!

తుపాకి ఈ సీమలో పాలెగాండ్ర చేత స్థిరపడినది. 1800 సంవత్సరమున నిజాము ఈ మండలములను ఆంగ్లేయులకు దత్తము చేయునాటికి ఇచ్చట సుమారు 80 మంది పాలెగాండ్రు కోటలు కట్టుకొని, బంట్లను వెంట బెట్టుకొని, ఎవరికి వారు ప్రభువులై యుండిరి. ప్రధాన కలెక్టరుగా వచ్చిన తామస్ మన్రో 1807 వరకు ఇచట నుండి వారి బలమును అణచెను. పిమ్మట మద్రాసు గవర్నరు హోదాలో తన పాతసీమను చూడవచ్చి, 1827 జూలైలో పత్తికొండలో కలరా సోకి మరణించినవాడును ఆయనయే. కర్నూలు మాత్రము మరికొంతకాలము నవాబుల చేతిలో నిలిచినది. కడపటి నవాబు గులాం రసూల్ ఖాన్ రహస్యముగా ఆయుధములు కూర్చుచున్నాడని తెలిసి 1839లో కుంపిణీ సైన్యము కోటలో ప్రవేశించినపుడు, ఫిరంగులును గుండ్లును మందును చూచినవారు ఆశ్చర్యపడునంతగా బయటపడినవి. ఆ అక్టోబరు 18వ తేదీన జొహరాపురము వద్ద పోరు జరిగి నవాబు పట్టుబడెను. తిరుచిరాపల్లికి పంపబడి మరుసటి యేట అక్కడనే హతుడయ్యెను. ఆయుధమనగా ఇంత అనుమానము పాతుకొన్న సీమలో, 1878 నాటి ఆయుధశాసనము తరువాత తుపాకి ఎవనియింట నుండవలెనో నిర్ణయించు అధికారము కలెక్టరు కచేరీకి చేరినది. అనుమతి పొందినవారిలో ఊరి రెడ్డి యుండెను, కరణముండెను, పైరు కాచుకొను రైతుండెను. అనుమతి లేనివారి తుపాకి గడ్డివామిలో నుండెను.

ఈ తుపాకులకు కావలసిన సరంజామా చాలవరకు ఈ నేలలోనే దొరకినది. కడప మండలమున జంగంరాజుపల్లె వద్ద సీసపు ఖనిజము కలదు. పూర్వులు త్రవ్వి విడిచిన గుంతలను భూగర్భశాస్త్రజ్ఞులు అక్కడ గుర్తించిరి. ఈ రెండు మండలముల శిలలను నడచి చూచి విలియం కింగ్ 1872లో ప్రకటించిన గ్రంథము వలననే కడప, కర్నూలు పేర్లు ప్రపంచ భూగర్భశాస్త్రములో శిలాసమూహముల పేర్లైనవి. చవుటిమన్ను నానబెట్టి, వడగట్టి, కాచి తీసిన సూరేకారము, జిల్లేడు కట్టెను మూసి కాల్చిన బొగ్గు, అంగడిలో కొన్న గంధకము, ఈ మూడింటిని తగుపాళ్లలో నూరినచో తుపాకిమందు. దానిని వాడు భర్మారు తుపాకిని నింపుట చూచినవారికి తెలియును, అది ఎంత ఓర్పుతో కూడిన పనియో. గొట్టము మూతి నుండి కొలచి మందు పోయవలెను. దానిపై పీచో పాతగుడ్డయో కూరి ఇనుపకడ్డీతో దట్టింపవలెను. సీసపు గుండు జార్చి, అది వెనుకకు దొర్లకుండ మరల కూరి దట్టింపవలెను. వెనుక చెవిపై టోపీ తొడిగి గుర్రము ఎత్తవలెను. మందు ఎక్కువైనచో గొట్టము పగిలి కాల్చినవాని చేయి పోవును. తక్కువైనచో గుండు తోలుక్రింద నిలిచిపోవును. ఈ రెండింటికి నడుమనున్న సరియైన కొలత ఎవ్వరును కాగితముపై వ్రాసి పెట్టలేదు. తండ్రి అరచేతిలో మందు పోసి చూపిన కొలతయే కొడుకునకు శాస్త్రము.

మెత్తని సీసపు గుండునకు ఒక సుగుణము కలదు. వేగము తక్కువగా నున్నంతకాలము అది మాంసమున తగిలి చదునై, పుట్టగొడుగు ఆకృతి దాల్చి, పెద్దగాయము చేసి, బరువు పోగొట్టుకొనక లోపలికి సాగును. 12 బోరు అనునది సీసపు తూకము వలన పుట్టిన కొలత: ఒక పౌను సీసముతో పండ్రెండు సమానమైన గుండ్లు పోసినచో అందొక్కటి ఆ గొట్టములో సరిగా పట్టును. ఆ గుండు జింకకు చాలును. కణితికి చేరువనైన చాలును. మదించిన అడవిపంది భుజము మీద మాత్రము అనేకసార్లు మోసము చేసినది. మగపందికి భుజముపై గట్టి నారకణజాలముతో కవచమువంటి పొర యుండును; చెరువు బురదలో పొర్లి వచ్చినపుడు ఆ తోలుమీద మన్ను మందముగా ఎండి మరియొక పొర యేర్పడును. ఈ దేశమున వేటాడిన ఆంగ్లేయులలో కొందరు ఈ విషయమును శాస్త్రముగా విచారించిరి. మధ్యపరగణాలలో పనిచేసిన జేమ్స్ ఫోర్సైత్ 1863లోనే వేటతుపాకిని, దాని గుండును గూర్చి ప్రత్యేకగ్రంథము వ్రాసెను. శామ్యూల్ బేకర్ 1890 నాటి తన గ్రంథమున పులివంటి మెత్తని శరీరముగల మృగమునకు కల్తీలేని సీసపుగుండే మేలని, అది చదునై అవతలివైపు తోలుక్రింద నిలిచినచో తన బలమంతయు మృగముననే వెచ్చించినదని వాదించెను. బేకరు వాదమునందు పరీక్షకు కావలసిన మూలసూత్రమంతయు ఇమిడియున్నది. గుండు ఎంత వెడల్పు కావలెను, ఎంత లోతు పోవలెను, ఈ రెండింటికి పొత్తు ఎట్లు కుదురును? తరువాతి నూరేండ్ల పరిశ్రమయంతయు ఈ ప్రశ్న చుట్టునే తిరిగినది.

1884లో ఫ్రెంచి రసాయనవేత్త పాల్ వియెల్ పొగలేని మందు కనిపెట్టుటతో పాతలెక్కలు తారుమారైనవి. గుండు వేగము పూర్వముకంటె ఎంతో పెరిగెను. అంత వేగమున గొట్టములోని మరచుట్లపై జారు మెత్తని సీసము గీచుకొనిపోయి గొట్టమునకే అంటుకొనసాగెను గనుక, సీసమునకు పైని రాగిమిశ్రమముతో తొడుగు వేయవలసివచ్చెను. నిండుతొడుగు గుండు విచ్చుకొనదు. సన్నని రంధ్రము చేసి అవతలికి పోవును. 1895 నాటి చిత్రాల్ దండయాత్రలో ఇట్టి గుండు తగిలినవారు ఆగక మీదికి వచ్చుచున్నారని సైనికులు మొరపెట్టగా, కలకత్తా చేరువనున్న డమ్‌డమ్ ఆయుధశాలలో కెప్టెన్ బెర్టీ-క్లే అను అధికారి గుండు ముక్కుపై తొడుగు తీసివేసి, లోని సీసము బయట కనబడునట్లు చేయించెను. అట్టి గుండు మానవశరీరమున చేయు గాయము ఘోరమని ఐరోపాలో అలజడి చెలరేగి, 1899లో హేగ్ నగరమున కూడిన రాజ్యములు యుద్ధములో దానిని నిషేధించుచు ప్రకటన చేసినవి. యుద్ధమున మనుష్యునికి నిషిద్ధమైన గుండే వేటలో మృగమునకు దయయని వేటగాండ్రు నిలుపుకొనిరి. ఈ మాట మొదట వినినవారికి విపరీతముగా తోచును. కాని విచారించినచో అందు సత్యము కలదు. గాయపడిన సైనికుని మోసికొనిపోవుటకు తోడివారుందురు, వైద్యుడుండును. గాయపడిన కణితికి ముండ్లపొదలు, ఈగలు, రేచుకుక్కలు తప్ప వేరెవ్వరు కలరు? దానికి త్వరగా వచ్చు మృత్యువే కరుణ.

ఈ మెత్తముక్కు గుండ్లతోడనే ఇరువదవ శతాబ్ది తొలి ఏడు దశాబ్దుల వేట మన కొండలలో సాగినది. నంద్యాల నుండి గుంటూరు వైపు నల్లమలను చీల్చుకొని పోయిన మీటరుగేజి రైలుమార్గము వేటగాండ్రకు రాజమార్గమైనది. గాజులపల్లె, చెలమ, దిగువమెట్ట వంటి చిన్న స్టేషనులలో దిగినవాడు గడియలో అడవిలో నుండెడివాడు. రిజర్వు అడవులను భాగములుగా విభజించి, మాసమునకు ఇంతయని రుసుము కట్టించుకొని అటవీశాఖ వేట అనుమతులిచ్చెడిది. మంచె కట్టుటకు, దున్నపోతును ఎరకట్టుటకు, జాడ తీయుటకు చెంచులు, పేరుపడుటకు దొరలు. హైదరాబాదు చేరువ బొల్లారములో 1910లో పుట్టి బెంగుళూరులో జీవించిన కెనెత్ ఆండర్సన్ ఈ సీమ అడవులను గూర్చి ఆంగ్లమున వ్రాసినంత ఇష్టముతో మరియొకరు వ్రాయలేదు. శేషాచలపు చామలలోయ పులి కథ ఆయన 1954 నాటి గ్రంథములోను, నల్లమలలోని పెద్దచెరువు కుంటిపులి కథ 1967 నాటి ‘ది టైగర్ రోర్స్’ అను గ్రంథములోను కలవు. ఆయన తరచు వాడినది 405 వించెస్టరు రైఫిలు. దాని గుండు 300 గ్రెయినుల బరువుతో, క్షణమునకు సుమారు 2200 అడుగుల వేగముతో పోవును. ఆయన పుస్తకములను చదువు మన యువకులు పులి దూకిన ఘట్టముల యొద్ద ఊపిరి బిగబట్టుదురు. నేను వారిని కోరునది, కథలో పులి మనుష్యులను తినుటకు ఎందుకు మొదలిడెనని ఆయన విచారించిన పుటల యొద్ద కూడ ఆగుమని. గురిలేని కాల్పుతో గాయపడి, జింకను తరుమలేని స్థితికి వచ్చిన పులియే మనుష్యుని వైపు తిరుగునని ఆయన పలుమార్లు చెప్పెను. ఉత్తరమున జిమ్ కార్బెట్ చెప్పినదియు ఇదియే. 436 మందిని పొట్టబెట్టుకొన్నదని లెక్కకు వచ్చిన చంపావత్ ఆడపులిని ఆయన 1907లో చంపి నోరు తెరచి చూడగా, కుడివైపు కోరలు రెండును పాత తుపాకిదెబ్బకు విరిగియుండెను, ఒకటి సగమునకు, ఒకటి మొదలంట. ఎవడో అనామకుడు ఎన్నడో కాల్చిన ఆ ఒక్క గుండు ఎముక విరిచినది, ప్రాణము తీయలేదు. దాని వెల 436 ప్రాణములు. ఇంతకుమించిన గుండుపరీక్ష ఏ పరీక్షాశాలలో జరిగినది?

మన సీమ యెండయు ఈ విషయములో తన పాలు పంచుకొన్నది. ఆంగ్లేయుల జోడుగొట్టాల రైఫిళ్లలో వాడిన కార్డైట్ అను మందు వేడికి చురుకెక్కును. చలిదేశములో సరిపోయిన కొలత, నీడలోనే 40 డిగ్రీలు దాటు కర్నూలు వేసవిలో గొట్టములో పీడనమును పెంచి, కాలిన తూటాగొట్టము వెలికి రాకుండ బిగిసిపోవునట్లు చేయును. గాయపడిన పులి యెదుట నున్నపుడు తూటాగొట్టము బిగిసిపోవుట ఎట్టి ఆపదయో చెప్పనక్కరలేదు. అందుచేత ఉష్ణదేశములకు మందు తగ్గించిన ప్రత్యేకపు తూటాలు చేయసాగిరి. మందు తగ్గినచో వేగము తగ్గును. వేగము తగ్గినచో విచ్చుకొనుటయు తగ్గును. లండనులో పరీక్షించిన గుండు నల్లమలలో అదే తీరున నడువదని దీనివలన స్పష్టము. పిదప, సైన్యమునకు చెందిన 303 కొలత తూటాలను ప్రభుత్వము పౌరులకు నిషేధించియుండుటచే, ఈశాపూర్ రైఫిలు కర్మాగారములో చేయబడు 315 రైఫిలు మన దేశపు వేటగాండ్రకు, కాపలాదారులకు ప్రధానాయుధమైనది. కిర్కీ కర్మాగారపు తూటాలో గుండు 244 గ్రెయినులు, అనగా ఒక తులము మీద మూడోవంతునకు కొంచెము పైబడిన బరువు, ముక్కు మెత్తనిది, తొడుగు, సీసము వేర్వేరుగా చేసి ఒకదానిలో నొకటి నొక్కబడినవి.

చిక్కంతయు ఆ నొక్కుటలోనే కలదు. గుండు వేగముగా వచ్చి ఎముకను తాకినపుడు ముక్కున నున్న సీసము చిట్లి, తొడుగు పాయలుగా చీలి వెనుకకు మడతపడును. అంతవరకు మేలే. ఆ పిదప తొడుగు ఒకవైపు, సీసము ఒకవైపు విడిపోయినచో, తేలికపడిన రెండు ముక్కలును కొద్దిదూరములో నిలిచిపోవును. మృగము భుజము చితికి, గుండెయు ఊపిరితిత్తులును చెక్కుచెదరక, కుంటుకొనుచు పొదలలో దూరును. ఈ దోషమును మాన్పుటకు జర్మనీలో విల్‌హెల్మ్ బ్రెన్నెకె మొదలైనవారు తొలినుండి యత్నించిరి. అమెరికాలో జాన్ నోస్లర్ 1946లో బురద కట్టిన తోలుగల పెద్ద మూస్ మృగముపై తన గుండ్లు పనిచేయకపోవుట చూచి, తొడుగు నడుమ అడ్డుగోడ నిలిపి, ముందుభాగము చెదరినను వెనుకభాగము నిలుచునట్లు చేసి, 1948లో అమ్మకమునకు పెట్టెను. బురదలో పొర్లిన మన పోటుపంది సమస్యయే అది. ఖండాంతరమున దానికి మందు దొరకినది. ఆపై 1960 ప్రాంతమున ఐడహో రాష్ట్రమున బిల్ స్టీగర్స్ సీసమును తొడుగులో నొక్కుట మాని కరగించి అతికించు పద్ధతిని ఎత్తుకొనెను. 1980 తరువాత ట్రోఫీ బాండెడ్, స్విఫ్ట్ మొదలైన సంస్థలు దానిని వ్యాప్తి చేసినవి. ఈ అతుకు మర్మము మన తెలుగిండ్లకు క్రొత్తది కాదు. ఊరూర తిరిగిన కళాయివాడు రాగిచెంబును కాచి, నవసాగరము చల్లి, తగరము తాకించి గుడ్డతో రుద్దినపుడు, నవసాగరము రాగిమీది చిలుమును తిని శుభ్రము చేయగా తగరము రాగిలో ఐక్యమై, చెంబు అరిగిపోవువరకు ఊడకుండెను. తొడుగులోపలి రాగిని అటులనే శుభ్రపరచి సీసమును కరగించి పోసినచో రెండును ఒక్కటియై, ఎముక తగిలినను విడువవు. కళాయిచెంబులోని పాలు కాచుకొని త్రాగిన మనకు ఈ గుండు నిర్మాణమును వివరించుటకు ఇంతకన్న మాటలక్కరలేదు.

పరీక్ష జరుపు విధానమును ఇచట కొంచెము నిదానముగా చెప్పవలెను. తొలినాళ్లలో దేవదారు పలకలను ఒకదాని వెనుక నొకటి నిలిపి, ఎన్ని పలకలు చీల్చినదో లెక్కించెడివారు. పలకకు నీరు లేదు, మాంసమునకు కలదు. కావున పలక చూపిన లెక్క మాంసమునకు కుదురలేదు. పిమ్మట నీటి పీపాలు, నానబెట్టిన వార్తాపత్రికల కట్టలు, సబ్బుదిమ్మలు వచ్చినవి. అమెరికా సైనికశస్త్రవైద్యుడు మార్టిన్ ఫాక్లర్ 1980 దశకమున శాన్‌ఫ్రాన్సిస్కోలోని లెటర్‌మన్ సంస్థలో తొమ్మిది పాళ్ల నీటికి ఒక పాలు జెలటిన్ కలిపి, 4 డిగ్రీల చల్లదనములో నిలిపిన దిమ్మను ప్రమాణముగా స్థిరపరచెను. దిమ్మ సరిగా కుదిరినదో లేదో చూచుటకు మొదట చిన్న ఉక్కుగుండును క్షణమునకు 590 అడుగుల వేగమున కొట్టుదురు. అది ఎనిమిదిన్నర సెంటీమీటర్లు దిగినచో దిమ్మ పనికి వచ్చును. ఆపై అసలు గుండు. అది పోయిన దారి దిమ్మలో కన్నులకు కట్టినట్లు కనబడును: ఎచ్చట విచ్చుకొన మొదలిడెను, ఎచ్చట పూర్తిగా విచ్చెను, ఎచ్చట ముక్కలు రాలెను, కడకు ఎచ్చట ఆగెను. గుండును పెల్లగించి కడిగి తూచుదురు. అతుకులేని 244 గ్రెయినుల గుండు నూటికి అరువది పాళ్లు మిగిలెననుకొందము, 146 గ్రెయినులు. అతుకు గుండు తొంబది పాళ్లు మిగిలినచో 220. ఈ తేడాయే లోతుగా దిగు బలము. మరియొక లెక్క కూడ మరువరాదు. 8 మిల్లీమీటర్ల గుండు విచ్చుకొని 16 మిల్లీమీటర్లైనచో వెడల్పు రెట్టింపు, ముఖవైశాల్యము నాలుగింతలు. అడ్డుపడు మాంసము నాలుగింతలు గనుక లోతు తగ్గితీరును. వెడల్పును లోతును రెండింటిని అపరిమితముగా ఏ కమ్మరియు ఈయజాలడు. అతుకు చేసిన మేలంతయు, విచ్చుకొన్న పిదపను బరువు నిలుపుకొని, ఆ రెండింటి నడుమ బేరము కుదుర్చుట. దిమ్మలో ఎముక లేదు, తోలు లేదు, ఎండిన బురద లేదు. కావున ఈ పరీక్షయు సంపూర్ణము కాదు. కర్నూలు ఎండలో ఆ దిమ్మ ఎంతోసేపు నిలువనే నిలువదు. అయినను జెలటిన్ దిమ్మకు నొప్పి తెలియదు. ఈ ఒక్క సుగుణముచేతనే పూర్వపు పరీక్షలన్నింటికంటె ఇది గొప్పదని నేనందును.

ఈ అతుకు గుండు ప్రపంచమున వ్యాపించునాటికి మన అడవులలో వేట ముగిసియుండెను. 1972లో వన్యప్రాణి సంరక్షణ శాసనము వచ్చినది. నాగార్జునసాగర్-శ్రీశైలము అరణ్యము 1978లో అభయారణ్యమై, 1983లో పులుల సంరక్షణ పథకమున చేరి, 3568 చదరపు కిలోమీటర్లతో దేశమున పెక్కింటికంటె పెద్దదైన పులుల నిలయమైనది. మంచెలు కూలినవి, ఎరదున్నలు లేవు, దొరలకు జాడ తీసిన చెంచులు పులుల జాడలు తీసి అటవీశాఖకు అందించుచున్నారు. వేటగాని కంటిచూపు వ్యర్థము కాదనుటకు కడప మండలమే ఒక గొప్ప ఉదాహరణమిచ్చినది. 1848లో పక్షిశాస్త్రజ్ఞుడు జెర్డన్ లోకమునకు తెలిపిన కలివికోడి అను పక్షి 1900 తరువాత ఎవ్వరికిని కానరాక నశించినదనుకొనగా, 1986 జనవరిలో లంకమల పాదమున రెడ్డిపల్లె ప్రాంతమున ఐతన్న అను స్థానికుడు రాత్రివేళ దీపపు వెలుతురున దానిని పట్టి తెచ్చెను. బొంబాయి ప్రకృతిచరిత్ర సంఘమునకు చెందిన భరత్ భూషణ్ దానిని గుర్తించెను. ఆ పక్షి కొరకే 1988లో లంకమల్లేశ్వర అభయారణ్యము వెలసినది. అది తుపాకి చేసిన పని కాదు. పొదలో నిశ్శబ్దముగా కదలు ప్రాణిని గుర్తింపగల చూపు చేసిన పని. ఆ చూపు వేటకుటుంబములలో తరతరములుగా నిలిచినది.

అయినను తూటాప్రసక్తి పూర్తిగా పోయినదనుట సత్యము కాదు. అడవి అంచున వేరుసెనగ, మొక్కజొన్న వేసిన రైతు రాత్రులు నిద్రలేక డబ్బా వాయించుచు కూర్చుండుట నేటికిని కలదు. ఒక్క పందుల మంద ఒక్కరాత్రిలో ఒక ఎకరము పెల్లగించిపోవును. దిక్కు తోచనివాడు ఉచ్చు పన్నును, కంచెకు కరెంటు తీగ కలుపును, పిండిముద్దలో నాటుబాంబు పెట్టి విడుచును. దవడ పగిలిన పంది దినములతరబడి ఆకలితో చచ్చును. ఉచ్చులో పంది పడవలసినచోట చిరుత పడును. తీగ తగిలి పొరుగురైతే మరణించును. పూర్వపు భర్మారు తుపాకి చేసిన గాయముకంటె ఇవి క్రూరతరములు. 1972 శాసనములోని 11వ నిబంధన, నిలుపుపైరును పాడుచేయు కొన్ని మృగములను చంపుటకు తగిన అధికారి వ్రాతపూర్వకముగా అనుమతి ఈయవచ్చునని చెప్పుచున్నది. అట్టి అనుమతి ఇచ్చుట మేలా కీడా యను వాదములోనికి నేను పోవుటలేదు. ఇచ్చినపుడు ఎట్లు ఈయవలెనన్నదే నా ప్రశ్న. అనుమతిపత్రములో మృగము పేరుండును, ఊరి పేరుండును, గడువుండును. తుపాకి కొలతయు, గుండు రకమును, ఎంత దూరము మించి కాల్చరాదో ఆ హద్దును, గాయపడిన మృగమును వెదకి ముగించు బాధ్యత ఎవ్వరిదో కూడ అందు వ్రాయవలెను. పోటుపంది భుజకవచమును దాటి గుండెవరకు విడిపోక దిగు గుండు నేడు లోకమున కలదు. దాని గుణము ప్రాణిని హింసింపకయే పరీక్షించి చూపిన లెక్కలును కలవు. అవి యుండగా మెత్తని సీసముతో, గురిలేని చేతితో, చీకటిలో కాల్చుటకు అనుమతి నిచ్చుట తప్పు. కర్నూలు, నంద్యాల, కడప అటవీకార్యాలయములలో ఈ పత్రములపై సంతకము చేయు అధికారులు ఈ నాలుగు పంక్తులను చేర్చవలెనని నా ప్రార్థన.